అడ్డుకొలత

వ్యాసమంటే ఆవు మీద రాసేదనుకున్నాను
హిందూపురం నుంచి వచ్చి
పీణ్య రెండో స్టేజిలో పనికి చేరిన రోజు.
ఓబులేసన్న నవ్వలేదు.
బేరింగు రింగొకటి బల్ల మీద దొర్లించి
"దీని మధ్య ఎక్కడుందో చూపించు" అన్నాడు.
వేలు పెట్టాను. వేలు కిందికి దిగిపోయింది.
"ఖాళీకి గుర్తెట్లా పెడతావు పాపా?"

మధ్య తెలియనక్కర లేదట.
వెర్నియర్ చిన్న దవడలు రింగు లోపల పెట్టి
కొంచెం అటు, కొంచెం ఇటు
ఉయ్యాల్లో బిడ్డను కదిపినట్టు కదపాలట.
అంకె పెరుగుతుంది, పెరుగుతుంది,
ఒకచోట ఆగి, వెనక్కి తగ్గుతుంది.
ఆగిన చోటే వ్యాసం.
అన్నిటికన్నా పొడుగైన గీత
ఎవర్నీ దారి అడక్కుండానే
నడిమధ్య గుండా పోతుంది.
ఇంత మాట చెప్పి
ఆయన బీడీకి బయటికెళ్ళాడు.

ఆ తర్వాత దొరికిందల్లా కొలిచాను.
పాత అయిదు రూపాయల బిళ్ళ, ఇరవైమూడు.
నా గాజు, అంగడివాడి లెక్కలో రెండు-ఆరు,
నా లెక్కలో అరవై, పైన మూడు గీతలు.
గొరగుంటెపాళ్య హోటల్లో తట్టె ఇడ్లీ మాత్రం
నూటపదో, నూటపన్నెండో,
ఎంత నొక్కితే అంత తగ్గింది.
మెత్తటిదాన్ని కొలిస్తే
మన చెయ్యి బరువే అంకెలోకొస్తుంది.
సర్వరు చూస్తున్నాడు.
దవడకంటిన పిండి చీరకొంగుకు తుడుచుకున్నాను.

ఇంటి ఓనరమ్మ పుట్టతాయమ్మ
ఒక సాయంత్రం దారం ముక్క తెచ్చింది.
కుక్కరు మూత చుట్టూ తిప్పి తెంపిందట.
గాస్కెట్ అమ్మేవాడు చుట్టుకొలత వద్దన్నాడట,
అడ్డం అడిగాడట.
దారాన్ని మూడు మడతలేశాను.
అదీ కాస్త ఎక్కువే.
చిటికెనవేలి వెడల్పు తగ్గించి కత్తిరించిచ్చాను.
ఆ ఆదివారం గోడ అవతల
మూడు విజిళ్ళు వరసగా వినబడ్డాయి.
జీతం పెరిగినప్పుడు కూడా
అంత సంతోషం కలగలేదు నాకు.

రెండేళ్ళయ్యాక తెలిసింది,
ఏదీ నిఖార్సుగా గుండ్రం కాదని.
ఇటు పట్టుకుంటే ఒక అంకె,
పావు చుట్టు తిప్పితే ఇంకోటి.
వెంట్రుకలో పదో వంతు తేడాకి
ఎర్ర డబ్బాలో పడేస్తాను.
డబ్బా నిండాక
ఎత్తి పోయడానికి ఇద్దరు కావాలి.

మొన్న మా రోడ్డు వెడల్పు చేస్తామని
టీబండి పక్కనున్న రెయిన్ ట్రీకి
తెల్ల రంగుతో నంబరు వేశారు.
దీనికి ఏ దవడ చాలుతుంది?
నేనూ, ఓబులేసన్నా, టీబండి సిద్దలింగా
ముగ్గురం చేతులు చాచి చుట్టాం.
చెంపకి బెరడు గరుకుగా తగిలింది.
జానెడు అందలేదు.
ఓబులేసన్న సుద్దముక్కతో
చెట్టు మీదే లెక్క వేశాడు:
ఏడుతో హెచ్చించి, ఇరవైరెండుతో భాగించి,
మీటరున్నర.
నేరుగా చూడాలంటే కొయ్యాలి.
కొయ్యకుండా తెలియాలంటే
ఇట్లా కావలించుకుని భాగించుకోవాల్సిందే.

శనివారం రాత్రి కోశారు.
సోమవారం షిఫ్టుకి ముందు
టేపు పట్టుకుని వెళ్ళాను.
ఒకవైపు మీటరూ నలభైరెండు,
అడ్డం తిప్పితే మీటరూ యాభైఆరు.
మా దగ్గరైతే రిజెక్టు.
వలయాల కేంద్రమూ నడుమ లేదు,
రోడ్డు వైపుకి ఒరిగిపోయి
ఎర్రగా, వేలిగోరంత.
"ఇదిగో మధ్య" అన్నాను.
ఓబులేసన్న చూశాడు, చెప్పు విడిచి
ఒక పాదం దాని మీద పెట్టబోయి
మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

సిద్దలింగ మొద్దు మీదే
టీ గ్లాసులు పెట్టాడు. ఎక్కడ పెడతాడు మరి.
మేం ఎత్తిన చోటల్లా
తడి గుండ్రాలు మిగిలాయి,
ఒకదాని మీద ఒకటి ఎక్కి.
అంచు నుంచి ఆరిపోతూ
చిన్నవవుతున్నాయి.
వెర్నియర్ జేబులోనే ఉంది.
సైరన్ మోగింది.
ఓబులేసన్న చిల్లర ఇచ్చేసి
నాకోసం ఆగాడు.